72 గంటల గేమ్ జామ్, ఆరుగురం, రెండుసార్లు సగంలో ఆగిపోయాం: ఈసారి పనులు ఎలా పంచుకోవాలి?

లాకు_తాళం
అమలాపురం, పాలకొల్లు, తణుకు కలిపి ఆరుగురం. కోడు ముగ్గురు, బొమ్మలు ఇద్దరు, సౌండు ఒకరు. జామ్ (గడువులోగా ఆట తయారుచేసే పోటీ) శుక్రవారం రాత్రి 11:30కి మొదలు, సోమవారం రాత్రి 11:30కి ఆఖరు. ఆట బ్రౌజర్లో ఆడేలా ఉండాలని రూలు. ఆటలు తయారుచేసే ఇంజను గోడో 4.4 వాడదామనుకుంటున్నాం. ఒకడు యూనిటీ అనే ఇంకో ఇంజను అంటున్నాడు, ఇంకొకడు ఆన్‌లైన్ మల్టీప్లేయర్ అంటున్నాడు. ఆటలో రాతలు తెలుగులో ఉండాలన్నది అందరి పట్టుదల.

గతంలో రెండు జాముల్లోనూ ఒకటే జబ్బు. ఆఖరి రోజు అందరి పనీ కలిపేసరికి ప్రాజెక్టు తెరుచుకోదు. ఎవరికి ఏ పని ఇవ్వాలి, ఏ గంటకి ఏది అయిపోవాలి? "బాగా ప్లాన్ చేసుకోండి" లాంటివి మాత్రం వద్దండి, ఆయ్.

కాజా_కంపైలర్
మల్టీప్లేయర్ అన్నాయన్ని శుక్రవారం ఆత్రేయపురం పూతరేకులకి పంపండి. మంగళవారం దాకా రానివ్వకండి.

నిద్రలేదు
జామ్ అంటే రావులపాలెం బ్రిడ్జి మీదే అనుకున్నా ఇన్నాళ్ళూ.

బ్యారేజీ_175
మీ జబ్బు పేరు సీన్ ఫైలు, అంటే ఆటలో ఒక్కో ముక్కని దాచుకునే ఫైలు. గోడోలో .టీఎస్‌సీఎన్ ఫైలు మామూలు టెక్స్టే, అందుకని గిట్ (అందరి మార్పుల్నీ దాచి కలిపే సాధనం) దాన్ని కలిపేస్తుంది. కలిపాక లోపల వనరుల (బొమ్మలు, స్క్రిప్టుల్లాంటి ఫైళ్ళ) ఐడీలు తారుమారైతే ఎడిటరు తెరవనంటుంది. ఇద్దరు ఒకే మెయిన్ సీను తెరిచి చెరో బటన్ పెట్టినా చాలు, అంతే సంగతులు.

అందుకని ఒక్కో సీనుకి ఒక్కరే యజమాని. బోటు ఒక సీను, తలుపు ఒక సీను, మెనూ ఒక సీను. మెయిన్ సీను ఒక్క మనిషి చేతిలోనే ఉండాలి. మిగతావాళ్ళు తమ సీను ఇస్తారు, దాన్ని మెయిన్‌లో దించేది ఆయనే. మీ ముగ్గురు కోడర్లలో ఒకర్ని పూర్తిగా ఈ కూర్పు పనికి వదిలెయ్యండి. ఆయన కొత్త ఫీచర్ ముట్టుకోకూడదు.

ఇంకో రెండు. .గోడో అనే ఫోల్డరు గిట్‌లోకి ఎక్కకూడదు, అది ప్రతి మిషనూ తనంతట తాను పుట్టించుకునే కాష్. 4.4 నుంచి ప్రతి స్క్రిప్టు పక్కన .యూఐడీ అని చిన్న ఫైలు వస్తుంది, అది మాత్రం తప్పకుండా ఎక్కాలి. చాలామంది చెత్త అనుకుని దాన్ని ఇగ్నోర్‌లో పెడతారు. అప్పుడు ఒక్కో మిషనులో ఒక్కో ఐడీ పుడుతుంది, వాటిని నమ్ముకున్న లంకెలు తెగుతాయి. అందరి వెర్షనూ చివరి అంకె దాకా ఒకటే ఉండాలి.

పిక్సెల్_పంటు
పైదానికి కలుపుతున్నా. బొమ్మల్ని వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి. పీఎన్‌జీ కాస్తా జేపెగ్ అయిపోతుంది, పారదర్శకంగా ఉండాల్సిన చోటు పోయి బోటు వెనకాల రంగు డబ్బా వస్తుంది. డాక్యుమెంటుగా పంపాలి. అసలు గిట్‌లోకే నేరుగా ఎక్కిస్తే ఇంకా మేలు. బొమ్మలవాళ్ళకి గిట్ రాదంటే గిట్‌హబ్ డెస్క్‌టాప్ పెట్టి కమిట్, పుల్, పుష్ (నమోదు చెయ్యడం, దించుకోవడం, ఎక్కించడం) మూడూ గురువారం లోపు నేర్పించండి. శనివారం నేర్పితే ఇద్దరికీ ఏడుపే.

లాకు_తాళం
@బ్యారేజీ_175 ముగ్గురిలో ఒకర్ని కూర్పుకే వదిలేస్తే కోడు రాసేది ఇద్దరేగా? చాలతారా?

బ్యారేజీ_175
72 గంటల ఆటకి ఇద్దరే ఎక్కువ. మూడోవాడు రాసేది మొదటి ఇద్దరూ కూర్చుని తుడుచుకోవడమే.

గోదారి_గట్టు
ఒప్పుకోను. ఆరుగురికీ చేతినిండా పనుండాలి, లేకపోతే ఆరోవాడు ఊరుకోక మెనూలో మంటలు పెడతాడు. ముగ్గురు చొప్పున రెండు జట్లుగా విడిపోయి రెండు చిన్న ఆటలు చెయ్యండి.

పిక్సెల్_పంటు
వీళ్ళకి సౌండు మనిషి ఒక్కరే కదా, చీల్చుకోమంటారా ఏంటి?

కాజా_కంపైలర్
యూనిటీ వాదనకి ఎవరూ జవాబు చెప్పలేదు. చేయి తిరిగినవాడికి యూనిటీయే సులువు. జామ్‌లో కొత్త ఇంజను నేర్చుకోవడం ఏట్లో దిగాక ఈత నేర్చుకున్నట్టే.

ఒత్తుల_మేస్టారు
తెలుగు రాతలు కావాలన్నారు కదా, అక్కడే తేలిపోతుంది. యూనిటీలో రాతలు చూపించే టెక్స్ట్‌మెష్‌ప్రోలో ఒత్తులూ గుణింతాలూ వాటంతటవి కూడవు, విడివిడిగా పడతాయి. గోడో 3లోనూ అదే గతి. గోడో 4లో అక్షరాల్ని కూర్చే హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి తెలుగు సరిగ్గా కూడుతుంది.

అయినా మూడు గోతులున్నాయి.

ఒకటి, ఫాంటు. ప్రాజెక్టులో తెలుగు ఫాంటు పెట్టకపోయినా మీ కంప్యూటర్లో రాతలు చక్కగా కనిపిస్తాయి. విండోస్‌లో ఉన్న ఫాంటుని గోడో అరువు తెచ్చుకుంటుంది. బ్రౌజర్లో ఆ అరువు పుట్టదు, అన్నీ డబ్బాలే. నోటో సాన్స్ తెలుగు గానీ మండలి, రామభద్ర గానీ తెచ్చి ప్రాజెక్టు థీమ్‌లోనే డిఫాల్ట్ ఫాంటుగా పెట్టెయ్యండి. మూడూ ఓపెన్ లైసెన్సువే, జామ్‌లో ఇబ్బంది లేదు.

రెండు, సైజు. ఇంగ్లీషుకి 8 పిక్సెళ్ళ ఫాంటు సరిపోతుంది. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఒత్తు. తెర మీద 20 పిక్సెళ్ళకి తగ్గితే "క్ష్మి"ని ఎవరూ చదవలేరు. ప్రాజెక్టు సెట్టింగుల్లో స్ట్రెచ్ మోడ్ "వ్యూపోర్ట్" పెడితే అక్షరాలు కూడా ఆట చిన్న సైజులోనే, అంటే 320×180 లాంటి దాంట్లోనే గీసి సాగదీస్తుంది, ముద్దలవుతాయి. "కాన్వాస్ ఐటమ్స్" పెట్టండి, బొమ్మలు పిక్సెల్‌గానే ఉంటాయి, అక్షరాలు మాత్రం తెర అసలు సైజులో పడతాయి.

మూడు, ఒక్కో అక్షరం టైపవుతున్నట్టు చూపించే ముచ్చట. "నీళ్ళు" అని రాయండి. కంప్యూటరు లెక్కలో అది ఆరు సంకేతాలు: న, ఈత్వం, ళ, పొల్లు, ళ, ఉత్వం. డిఫాల్ట్‌గా వదిలేస్తే ముందు "నీళ" వస్తుంది, తర్వాత దాని తలకట్టు ఊడి "నీళ్" అవుతుంది, ఆ తర్వాత కింద ఒత్తు మొలుస్తుంది, చివరికి కొమ్ము. చదివేవాడికి అక్షరం గిలగిల కొట్టుకున్నట్టుంటుంది. రాత చూపించే లేబుల్‌లో విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్ అని ఉంటుంది. దాన్ని "ఆఫ్టర్ షేపింగ్"కి మార్చండి, "ళ్ళు" ఒత్తూ కొమ్ముతో సహా ఒకేసారి పడుతుంది.

నిద్రలేదు
మేస్టారూ, జీడీస్క్రిప్ట్ అంటే మోరి జీడిపప్పుతో రాసేదే కదండీ?

ఒత్తుల_మేస్టారు
పప్పు తింటూ రాసేది. ఇంకోటి, గోడో 4లో సీ షార్ప్ భాషలో రాసిన ప్రాజెక్టు వెబ్‌కి ఎక్స్‌పోర్ట్ అవదు, అంటే బ్రౌజర్లో ఆడే ఫైళ్ళుగా మారదు. గోడో సొంత భాష జీడీస్క్రిప్టే రాయాలి.

బ్యారేజీ_175
గంటల సంగతి. మొదటి రాత్రి థీమ్ (ఆటకి ఇచ్చే అంశం) వచ్చాక ఒక గంట మాట్లాడుకుని పడుకోండి. శనివారం మధ్యాహ్నం 2 గంటలకల్లా బొమ్మల్లేకుండా బూడిదరంగు డబ్బాలతో ఆట ఆడేలా ఉండాలి. ఉండటమే కాదు, ఎక్స్‌పోర్ట్ చేసి ఆటలు పెట్టే సైటు ఇచ్.ఐఓ పేజీలో ఎక్కి, ఫోను బ్రౌజర్లో తెరుచుకోవాలి. అప్పుడు తెరుచుకోకపోతే ఇంకా 57 గంటలున్నాయి సరిచేసుకోవడానికి. ఆదివారం రాత్రి 11:30 తర్వాత కొత్త ఫీచర్ ఏదీ లోపలికి రాకూడదు. సోమవారం సాయంత్రం 6కి ఆఖరి ఎక్కింపు.

నిద్రలేదు
మొదటి రాత్రి పడుకోవడమేంటండీ! అప్పుడేగా ఊపు ఉండేది.

బ్యారేజీ_175
మీ పేరు చూసే ఊహించాను ఈ మాట వస్తుందని. తెల్లవారుజామున 4కి రాసిన కోడు మధ్యాహ్నం 4కి ఎవరికీ అర్థం కాదు, రాసినవాడితో సహా.

భీమారం_బగ్గులు
ఎక్స్‌పోర్ట్‌లో పడే గోతులు నేను చెబుతా.

ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్లు ఎడిటరు వెర్షనుకి సరిగ్గా సరిపోవాలి. శుక్రవారం లోపే దించుకోండి, పెద్ద ఫైలు.

వెబ్‌లో "కంపాటిబిలిటీ" రెండరరు (తెర మీద గీసే పద్ధతి) ఒక్కటే పనిచేస్తుంది. ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడే అది ఎంచుకోండి. ఫార్వర్డ్ ప్లస్ అనే ఇంకో రెండరరులో రంగులూ వెలుగులూ అన్నీ సరిచూసుకుని ఆఖర్న మారిస్తే మొత్తం పాలిపోయి వేరేగా కనిపిస్తుంది.

ఎక్స్‌పోర్ట్ ఫైలు పేరు ఇండెక్స్.హెచ్‌టీఎమ్ఎల్ అనే ఉండాలి, జిప్ తెరవగానే కనబడాలి. ఫోల్డర్ని జిప్ చేస్తే లోపల ఇంకో ఫోల్డరు వస్తుంది, ఇచ్‌కి దొరక్కపోవచ్చు. ఫోల్డరు లోపలికెళ్ళి ఫైళ్ళన్నీ ఎంచుకుని జిప్ చెయ్యాలి.

అన్నిటికంటే పెద్దది పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం. ఫైలు పేరులో పెద్ద బి, కోడులో చిన్న బి ఉన్నా విండోస్ పట్టించుకోదు. ఎక్స్‌పోర్ట్ అయ్యాక ఆ బొమ్మ దొరకదు. పేర్లన్నీ చిన్నక్షరాల్లో, ఖాళీల చోట కింద గీతతో. ఆల్రెడీ తప్పుగా ఉంటే విండోస్‌లో పేరు మార్చినంత మాత్రాన గిట్ గుర్తించకపోవచ్చు. పేరు మార్చే ఆదేశం గిట్ ఎమ్‌వీతో ముందు వేరే పేరుకి మార్చి, మళ్ళీ అసలు పేరుకి తేవాలి.

కాజా_కంపైలర్
థ్రెడ్లు, హెడర్లు, షేర్డ్ అరే బఫర్ అని ఏదో టిక్కు పెట్టాలిగా ఇచ్‌లో?

భీమారం_బగ్గులు
అది 4.2 దాకా. 4.3 నుంచి థ్రెడ్లు (పలు పనుల్ని ఒకేసారి నడిపే పద్ధతి) లేని ఎక్స్‌పోర్టే డిఫాల్ట్, ఆ టిక్కు అక్కర్లేదు. ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో థ్రెడ్ సపోర్ట్ ఆఫ్‌లోనే ఉంచండి.

తణుకు_ట్యూన్స్
సౌండు ఒకరే అన్నారు కాబట్టి ఆయనకి. వెబ్‌లో మనిషి ఒకసారి నొక్కేదాకా బ్రౌజరు శబ్దం రానివ్వదు. ఆట నేరుగా మొదలైతే పాట మొదలు మాయం. "ఆడు" అని ఒక బటన్ పెట్టి, అది నొక్కాకే పాట మొదలుపెట్టండి.

ఆ థ్రెడ్లు లేని ఎక్స్‌పోర్ట్‌తో వచ్చే చిక్కు ఒకటుంది. ఎడిటరులో బస్‌కి (శబ్దాలు వెళ్ళే దారికి) పెట్టిన రివెర్బ్, ఎకో లాంటి మోతలు వెబ్‌లో వినబడవు. ఎకో కావాలంటే శబ్దాలు దిద్దే ఆడాసిటీలోనే కలిపి ఫైలులో ముద్రించెయ్యాలి.

పాటకి ఓజీజీ, చిన్న చప్పుళ్ళకి వేవ్. ఎంపీ3ని తిప్పి తిప్పి వాయిస్తే అతుకు దగ్గర చిన్న ఖాళీ వినబడుతుంది. ఫోనులో రికార్డు చేసినది ఎమ్4ఏ వస్తే గోడో తీసుకోదు, మార్చుకోవాలి. 80 హెర్ట్జ్ కింద కోసెయ్యండి, ఫ్యాను హోరు కొంత తగ్గుతుంది. సినిమా పాట ట్యూను మాత్రం వద్దు, సరదాకైనా.

లాకు_తాళం
థీమ్ వచ్చేసింది: నిండటం, ఖాళీ అవటం. అందరం ఒకేసారి "లాకులు" అన్నాం! కాలువ లాకులో బోట్లు దింపే ఆట. తొట్టిలో నీరు నింపు, పై తలుపు తెరువు, బోటు లోపలికి, మూసెయ్, నీరు వదులు, కింది తలుపు తెరువు. అదనంగా వరద, జీతం, బోటు అప్‌గ్రేడ్లు, రాత్రీపగలూ, ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా పది లాకులు...

బ్యారేజీ_175
"అదనంగా" తర్వాత రాసిందంతా కొట్టెయ్యండి. ఒక్క లాకు. రెండు తలుపులు, రెండు తూములు, రెండు వైపుల నుంచీ బోట్లు. అంతే ఆట. అది సరదాగా ఉంటే ఆదివారం రెండో లాకు.

గోదారి_గట్టు
ఇందులో మాత్రం ఆయనతో ఏకీభవిస్తా. ఆట సరుకు ఎక్కడుందంటే, నీటి మట్టం రెండు వైపులా సమం కాందే తలుపు తెరుచుకోదు. నిజం లాకు తలుపులు మూసినప్పుడు ఎగువకి చూస్తూ బాణం మొన ఆకారంలో కలుస్తాయి, నీటి బరువే వాటిని బిగించి పెడుతుంది. మట్టాలు సమమయ్యాకే మనిషి బలానికి కదులుతాయి. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులకి వెళ్ళి ఒక గంట కూర్చుంటే తలుపు ఏ వాటంలో ఉందో తెలిసిపోతుంది. సమం కాకుండా లాగితే తలుపు ఊగి మూలగాలి. ఏం తప్పు చేశాడో ఆడేవాడికి ఆ ఊపే చెబుతుంది, రాత అక్కర్లేదు.

పిక్సెల్_పంటు
నీళ్ళకి నీలం వెయ్యకండి బాబూ. వరద నీరైతే ఎర్రమట్టి రంగు. మూడు ఛాయలు చాలు: అడుగు, మధ్య, పైన మెరుపు గీత. మొత్తం 16 రంగులకి కట్టేసుకుంటే ఇద్దరు గీసినా ఒకరు గీసినట్టే ఉంటుంది. డిఫాల్ట్ టెక్స్చర్ ఫిల్టర్ "నియరెస్ట్" పెట్టకపోతే మీ పిక్సెళ్ళన్నీ మంచు పట్టినట్టు కనిపిస్తాయి. ఇచ్ కవర్ బొమ్మ 630×500, సోమవారం దాకా ఆగకుండా ఆదివారమే గీసెయ్యండి.

లాకు_తాళం
శనివారం సాయంత్రం. వెబ్‌లో ఎక్కింది, ఫోనులో తెరుచుకుంది, లింకు పెట్టాను. ఒక వింత: తొట్టి నిండినట్టే కనిపిస్తుంది, తలుపు మాత్రం ఒక్కోసారి తెరుచుకోదు. మా వాడి 144 హెర్ట్జ్ మానిటర్లో నీరు రెండింతలకి పైగా వేగంగా నిండుతోంది. మట్టాన్ని ప్రతి ఫ్రేముకీ లక్ష్యం వైపు లెర్ప్‌తో 0.05 చొప్పున జరుపుతున్నాం.

భీమారం_బగ్గులు
రెండు బగ్గులూ ఆ ఒక్క లైనులోనే ఉన్నాయి. 0.05 లెర్ప్ అంటే మిగిలిన దూరంలో ప్రతి ఫ్రేముకీ ఇరవయ్యో వంతు. మిగిలింది తగ్గుతుందే గానీ నిండు మట్టమైన 1.0కి చేరడం మీద నమ్మకం పెట్టుకోలేం. మీరు "సమానమా" అని రెండు సమాన గుర్తులతో అడుగుతుంటే జవాబు కాదనే వస్తుంది. పైగా లెక్క ఫ్రేములది, సెకన్లది కాదు. మిగిలింది 2 శాతానికి దిగాలంటే 77 ఫ్రేములు: 60 హెర్ట్జ్‌లో 1.28 సెకన్లు, 144లో 0.53.

మూవ్_టువర్డ్ వాడి, అడుగు 0.25 × డెల్టా (గత ఫ్రేము నుంచి గడిచిన సెకన్లు) ఇవ్వండి. ఖాళీ నుంచి నిండటానికి ఏ మానిటరైనా 4 సెకన్లే, ఆఖర్న సరిగ్గా లక్ష్యం మీదే ఆగుతుంది. తలుపు తనిఖీలో తేడా 0.02 కంటే తక్కువా అని అడగండి.

గోదారి_గట్టు
4 సెకన్లు ఆటలో చాలా ఎక్కువ. 2.5 చాలు, అడుగు 0.4 × డెల్టా పెట్టండి. నిండేటప్పుడు ఆడేవాడు గోళ్ళు గిల్లుకోకూడదు.

తణుకు_ట్యూన్స్
నిండే చప్పుడు పిచ్‌ని మట్టంతో కట్టండి. బిందె నిండుతుంటే స్వరం పైకెళ్తుందే, అలా: ఖాళీలో 0.8, నిండితే 1.3. కళ్ళు బోటు మీదున్నా చెవికి తెలుస్తుంది. తలుపు మూలుగుకి పాత బోరింగు పంపు హ్యాండిల్ కొట్టి రికార్డు చెయ్యండి, సగం వేగానికి దింపితే అచ్చం లాకు చక్రమే.

కాజా_కంపైలర్
కరెంటు సంగతి ఎవరూ ఎత్తలేదు. రౌటరుకి 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టండి. వెబ్ ఎక్స్‌పోర్ట్ విప్పితే 30 ఎంబీ దాటినా జిప్ పది ఎంబీ చుట్టూ ఉంటుంది, ఫోను హాట్‌స్పాట్‌తోనూ ఎక్కుతుంది. కాబట్టి ఆఖర్న ఎక్కించే మనిషి దగ్గర చార్జింగ్ నిండిన ల్యాప్‌టాప్ ఉండాలి, డెస్క్‌టాప్ కాదు.

భీమారం_బగ్గులు
లింకు ఆడాను. తలుపు బోటు మీదే మూసుకుంటోంది, బోటు గోడలోంచి అవతలకి వెళ్ళిపోయింది.

లాకు_తాళం
తలుపు దగ్గర ఏరియా2డీ (ఏదైనా లోపలికొచ్చిందా అని చూసే ప్రాంతం) పెట్టి, లోపల బాడీలు (ఢీకొనే వస్తువులు) ఉన్నాయా అని అడుగుతున్నాం. ఎప్పుడూ ఖాళీ జాబితాయే వస్తోంది.

బ్యారేజీ_175
బోటు కూడా ఏరియాయేనా? అయితే బాడీలు అడిగితే రాదు, ఏరియాలని అడగాలి. అది మార్చండి. బోటు లోపలుంటే తలుపు మూత బటనే పనిచెయ్యకూడదు.

భీమారం_బగ్గులు
మీటలు కూడా చూడండి. ఎస్కేప్‌ని పాజ్‌కి పెట్టారు, ఫుల్‌స్క్రీన్‌లో అది నొక్కితే ఫుల్‌స్క్రీనే పోతుంది. పీ కి మార్చండి. ఇంకా ఘోరం, తూముకి కంట్రోల్, తలుపుకి డబ్ల్యూ. రెండూ కలిపి నొక్కితే బ్రౌజరు ట్యాబే మూసుకుంటుంది.

నిద్రలేదు
"ఖాళీ అవటం" థీమ్‌కి అంతకంటే న్యాయం ఏముంటుంది?

పిక్సెల్_పంటు
మొదటి బోటు వచ్చేదాకా 12 సెకన్లు ఖాళీ తెర. రేటింగు ఇచ్చేవాళ్ళు ఒక్కో ఆట మీద పెట్టేది రెండు మూడు నిమిషాలే. ఆట తెరుచుకోగానే బోటు లాకు ముందు నిలబడి హారను కొడుతూ ఉండాలి.

లాకు_తాళం
సోమవారం రాత్రి 7:10. ఎక్కించాం, పేజీ డ్రాఫ్ట్‌లోంచి పబ్లిక్‌కి మార్చాం, జామ్‌కి జత చేశాం. లాకు ఒక్కటే. రెండోది పెట్టలేదు. లింకు అదే, ఒకసారి చూడండి.

ఒత్తుల_మేస్టారు
ఫోనులో తెరిచాను, డబ్బాలు లేవు, "నీళ్ళు" గిలగిల కొట్టుకోలేదు. రెండో తెరలో "తలుపు తెరువు" కింది వరుస పు కొమ్ముని కోస్తోంది. లైన్ స్పేసింగ్ 4 పెంచండి.

భీమారం_బగ్గులు
ట్యాబ్ మూసుకోలేదు. బోటు గోడలోకి వెళ్ళలేదు. 11 బోట్లు దింపాను.

లాకు_తాళం
స్పేసింగ్ పెంచి మళ్ళీ ఎక్కించాం, 7:40.

తణుకు_ట్యూన్స్
క్రెడిట్స్‌లో ఆరుగురి పేర్లూ ఉన్నాయి, బోరింగు పంపు పేరు లేదు.